పది మూరల పంచె

ఆ ఎండాకాలం నా మగ్గం మీదున్న పంచె ఎవరి నడుముకో మా ఇంట్లో నాకొక్కడికే తెలియదు. నేసింది నేను. పడుగు పోసింది నా భార్య రామేశ్వరమ్మ. కొలత చెప్పింది ఆమె తమ్ముడు బాలకిష్టయ్య. ఇద్దరూ కలిసి నన్ను మోసం చేశారు. ఇందులో అనుమానం లేదు, వాదన లేదు.

అది నలభై అయిదో సంవత్సరం. యుద్ధం ఇంకా నడుస్తోంది. నూలు కంట్రోలు కిందికి పోయింది. గద్వాలలో మా వీధి మగ్గాలు సగం ఆగిపోయాయి. చేతికి పని లేకపోతే నోటికి పని ఎక్కువవుతుంది. ఆ ఎండలో అందరి నోటా ఒకటే మాట: మహాసభకు ఈసారి అధ్యక్షుడిగా ఎవరు నిలబడతారు?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు ఊళ్ళన్నీ కలిసి పెట్టుకున్న సభ అది. ఏడాదికోసారి జరుగుతుంది. అధ్యక్షుడు ఒప్పుకోనిదే ఏ తీర్మానమూ సభ ముందుకు రాదు. ఆ ఏడు రెండు తీర్మానాలు కావాలి. నూలు షావుకార్ల చేతికి పోకుండా నేతగాళ్ళ సంఘానికే ఇవ్వాలని ఒకటి. ఊళ్ళలో వెట్టి పోవాలని రెండోది. కనుక కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది మాకు ఊసుపోక మాట కాదు.

మా వీధిలో అందరికంటే పెద్దవాడు నాగప్ప. రాయచూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఇల్లు. తన మగ్గం ఆగిపోయాక పొద్దున్నే వచ్చి, ఖాళీగా ఉన్న నా మగ్గం పక్కన కూర్చునేవాడు.

"వకీలు నిలబడడు," అన్నాడొక రోజు. వనపర్తి వకీలు సంగతి.

"ఎందుకు మామా?"

"ఓడిపోతె రేపు కోర్టుల ఆయన మొఖం ఎవడు సూస్తడు? ఎవరన్న బతిమిలాడుతరేమోనని సూస్తుండు. పెండ్లిల అలిగిన అల్లుని లెక్క."

"మరి దేశ్‌ముఖు?"

దేశ్‌ముఖు ఏడు ఊళ్ళ దొర. వెట్టి మాట లేచినాక రెండేళ్ళ కిందట సభలో చేరాడు.

"హౌదప్పా, ఆయన నిలబడ్తడు. మొన్న మల్దకల్ జాతరల అన్నడంట, నాకెందుకయా గీ పదవులు అని. ఎవడన్న అడిగిండా ఆయన్ని? అడగకముందె వద్దంటుండంటె పాణమంత దానిమీదనె ఉన్నట్టు." నాగప్ప నవ్వి తొడ చరుచుకున్నాడు. "అయినా ఇన్ని మాటలెందుకు? కురుమూర్తీ, నీ మగ్గం మీద పడుగెక్కితె తెల్సిపోతది."

అది నిజం. గెలిచిన అధ్యక్షుడు గద్వాల పంచె కట్టుకొని కుర్చీలో కూర్చోవడం మా సభ ఆనవాయితీ. ఆ పంచె నేయడం మా ఇంటి వంతు. పట్టు అంచు పంచెకు పది రోజులు పడుతుంది. అందుకని పేరు తేలకముందే మొదలుపెట్టాలి. కిందటేడు ఎవరికైనా సరిపోతుందని ఎనిమిది మూరలు నేశాను. గెలిచినాయనకు పొట్ట ఎక్కువ. ముందు కుచ్చిళ్ళు పెడితే వెనక గోచికి అందలేదు. మూడు తాలూకాల మనుషులు నవ్వారు. ఆ నవ్వు మా వీధికి తగిలింది. ఇక మీదట ఎవరు గెలుస్తారనుకుంటే ఆయన కొలతకే నేయాలని పంచాయితీలో అనుకున్నాం. సన్నని మనిషికి ఎనిమిది. లావు మనిషికి పది. వకీలు, బాలకిష్టయ్య ఇద్దరూ సన్నం. పది మూరలు కావలసినవాడు ఒక్క దేశ్‌ముఖే.

బాలకిష్టయ్యను నిలబెట్టాలన్న ఆలోచన నాది. నా చదువు ఊరి బడిలో నాలుగో తరగతితో ఆగింది. వాడి చదువు ఆగకుండా చూశాను. మా ఇంట్లో తిని పెరిగాడు. గ్రంథాలయం నడిపేవాడు, వీధిలో ఎవరికి అర్జీ కావాలన్నా రాసిచ్చేవాడు. నిలబడమన్నప్పుడు అన్నం తింటున్నాడు.

"నేనా బావా? నాకెవరు చెయ్యెత్తుతరు?"

"చేతులు నేను తెస్త. నువ్వు నిలబడు."

వాడు అక్క వైపు చూశాడు. రామేశ్వరమ్మ వాడి విస్తరిలో ఇంకో ముద్ద వేసింది.

"నీ ఇష్టం బావా," అన్నాడు. నా ఇష్టం అన్నాడు గానీ నిలబడతానని వాడు అనలేదు. ఆ తేడా నాకప్పుడు తోచలేదు.

ఒక పేరు పెట్టాలంటే కాగితం మీద పదిమంది ప్రతినిధులు చేవ్రాలు చేయాలి. పన్నెండు రోజులు తిరిగాను. రైలెక్కాను, బండెక్కాను, ఎక్కువ నడిచాను. తొమ్మిది దొరికాయి. పదోది అబ్రహాముది.

మల్దకల్ దాటి రెండు కోసుల దూరంలో అతని ఊరు. దేశ్‌ముఖు ఏడు ఊళ్ళలో అదొకటి. నేను పోయేసరికి చేనులో జొన్న కొయ్యలు పీకుతున్నాడు. గుడిసె ముందు కూర్చున్నాం. అతని భార్య బుజ్జమ్మ ముంతతో నీళ్ళు తెచ్చింది. నేను తాగుతానో లేదోనని దూరంగా నిలబడింది. లేచి వెళ్ళి అందుకొని తాగాను.

అబ్రహాం కాగితం చూశాడు. "నిలబడ్తడా, నడుమల కూసుంటడా?"

"నిలబడ్తడు."

"ఆయన మాట కాదన్నా. నీ మాట అడుగుతున్న."

"నా మాటే చెప్తున్న."

బుజ్జమ్మ కల్పించుకుంది. "అయ్యా, మేము దినాం దొర దొడ్డిల వెట్టి చేసి వచ్చెటోళ్ళం. రేపు ఈ కాయితం ఆయన కండ్ల పడితె?"

"పడ్తది," అన్నాడు అబ్రహాం. "సభల సదువుతరు. పడనీ. నీ కానుపునాడు గూడ నేను దొరింటి పెండ్లి మూటలు మోస్తున్న. యాదికున్నదా? పిల్లను మూడోనాడు సూసిన." నా వైపు తిరిగాడు. "అన్నా, ఆయన కుర్చీల కూసుంటె వెట్టి తీర్మానం పెడ్తడు గద?"

"మొదలు అదే పెడ్తడు."

"వేలిముద్ర గాదు. పేరే రాస్త."

మిషన్ బడి అయ్యవారు నేర్పిన రాత. ఒక్కో అక్షరం కాగితానికి గుచ్చినట్టు రాశాడు. రాసి ఒకసారి చదువుకున్నాడు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ మడత ఇప్పటికీ నా వేళ్ళకు తెలుసు.

ఇంటికి వచ్చేసరికి మగ్గం సిద్ధంగా ఉంది. రామేశ్వరమ్మ పడుగు పోసి, వీధిలో చాచి గంజి పెట్టించి, మగ్గానికి ఎక్కించింది. మూడు నెలల తరువాత నా మగ్గం మీద తెల్లని నూలు చూశాను.

"నూలెక్కడిది?"

"తమ్ముడు తెచ్చిండు. సంఘం పేరు చెప్పి అడుక్కొచ్చిండంట."

సంతోషపడ్డాను. నూలు ఎవరిచ్చారని అడగలేదు.

మా పంచెకు ఒంటి బట్ట నూలు, అంచు పట్టు. రెంటినీ ప్రతి పోగు దగ్గరా ఒకదానిలో ఒకటి మెలేసి కలపాలి. ఒక్కడి పని కాదు. మగ్గం గుంతలో నేను కూర్చుంటాను, కుడి అంచు దగ్గర ఆమె కూర్చుంటుంది. నేను పేక పోగున్న నాడె విసిరితే ఆమె అందుకుని అంచు పోగు మెలేసి తిరిగి ఇస్తుంది. పద్నాలుగేళ్ళు అలాగే నేశాం. మాట్లాడుకోనక్కర లేదు, ఆమె చేయి నా చేతికి తెలుసు. ఆ పది రోజులూ ఆమె నా పక్కనే, జానెడు దూరంలో కూర్చుంది.

నాగప్ప రోజూ తొంగి చూసేవాడు. "సన్నోనికేనా?"

"సన్నోనికే మామా."

"అయితె దేశ్‌ముఖు గోచి పెట్టుకోక ఇంటికి పోవాలె," అనేవాడు. వీధంతా ఆ మాట తిప్పింది. బాలకిష్టయ్య నిలబడుతున్నాడని నా మగ్గమే చాటింపు వేసింది.

ఎనిమిదో రోజు మూర పెట్టి చూశాను. ఎనిమిది మూరలు అయ్యాయి. పడుగు ఇంకా ఉంది.

"ఏంది, ఇంక రెండు మూరలున్నది?"

ఆమె చేతిలో నాడె ఉంది. "ఉండనీ."

"వానికి ఎనిమిది చాలు. ఇక్కడికి కోస్త."

"కొయ్యకు." గట్టిగానే అంది. తరువాత మెల్లగా, "సభల కట్టేది. నిండుగ ఉంటె మంచిగుంటది."

"గింత నూలు కరువుల?"

"తమ్మునికి రెండు మూరలు ఎక్కువైతె ఏం పోయింది?"

నేను నవ్వాను. కరువు రోజుల్లో నేతగాడి ఇంటి ఆడది జానెడు పడుగు కూడా ఎక్కువ పోయదు. అది తెలియనివాడు మా వీధిలో పుట్టలేదు. నాకూ తెలుసు. తెలిసీ దాన్ని తమ్ముడి మీద ప్రేమ అనుకున్నాను. అదీ నా తప్పు. నేను నవ్వితే ఆమె నవ్వలేదు. ఆమె వైపు అంచు పోగు తెగింది. తలవంచి ముడి వేసుకుంది.

ఆ సాయంత్రం బాలకిష్టయ్య వచ్చాడు. "ఏడిదాక వచ్చింది బావా?"

"అయిపోవచ్చింది. మీ అక్క నీకు పది మూరలు పోసింది. నడుముకు రెండు సుట్లు ఎక్కువస్తది, నువ్వు లావు గావాలె."

"అయిత తియ్యి," అన్నాడు. పట్టు అంచు మీద వేలు పెట్టి వెంటనే తీసేశాడు. తిని పొమ్మంటే ఆకలి లేదన్నాడు. రామేశ్వరమ్మ వాడి వెంట వాకిలి దాకా పోయింది. అక్కడ ఇద్దరూ చాలాసేపు మెల్లగా మాట్లాడుకున్నారు. తల్లిలేని పిల్లలు, అక్కాతమ్ముళ్ళు ఎంత కలిసి ఉన్నారని అనుకున్నాను.

సభకు మా వీధి నుంచి పదకొండు మందిమి పోయాం. గద్వాలలో రైలెక్కి కృష్ణ దాటి వనపర్తి రోడ్డు స్టేషనులో దిగి, అక్కడి నుంచి బండ్ల మీద. పంచె నా ఒళ్ళో ఉంది. తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చింది రామేశ్వరమ్మ. ఇస్తూ, "నువ్వు చేతులార ఇయ్యకు. తమ్ముడే తీసుకుంటడు," అంది. నలుగురిలో నా చేత ఇప్పించుకోవడానికి వాడికి బిడియమేమో అనుకున్నాను.

నాగప్ప చెప్పినట్టే వకీలు నిలబడలేదు. ఎవరూ బతిమిలాడలేదు. రెండు పేర్లు చదివారు. దేశ్‌ముఖు పేరు, బాలకిష్టయ్య పేరు. ఒక్కో పేరు కింద చేవ్రాలు చేసిన పదిమందినీ చదివారు. అబ్రహాం పేరు వచ్చినప్పుడు దేశ్‌ముఖు మెడ తిప్పి ఆ మనిషి ఎక్కడ కూర్చున్నాడో చూసుకున్నాడు. తొందర పడలేదు. చూసుకొని మళ్ళీ ముందుకు తిరిగాడు.

అప్పుడు బాలకిష్టయ్య లేచాడు. వేదిక ఎక్కలేదు. ఉన్నచోటే నిలబడి చెప్పాడు.

"పెద్దలు నా పేరు పెట్టిండ్రు. వాళ్ళకు దండం. మన సభల చీలిక రావద్దు. నా పేరు వాపసు తీసుకుంటున్న. దేశ్‌ముఖు గారి పేరు నేనే బలపరుస్తున్న."

చప్పట్లు కొట్టారు. మా వీధి పదకొండు మందిమీ కొట్టలేదు. పందిట్లో మూడో వరుసలో అబ్రహాం కూర్చుని ఉన్నాడు. బాలకిష్టయ్య వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

పోటీ లేకుండా దేశ్‌ముఖు అధ్యక్షుడయ్యాడు. బాలకిష్టయ్య మనుషులను దాటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"పంచె ఇయ్యి బావా."

"ఇది నీది."

"ఇయ్యి. అందరు సూస్తుండ్రు."

నేను కదలలేదు. వాడే వంగి నా ఒళ్ళో నుంచి తీసుకున్నాడు.

దేశ్‌ముఖు పందిరి వెనక్కి పోయి కట్టుకొని వచ్చాడు. అంత పొట్ట మీద పంచె నిండుగా కుదిరింది. ముందు కుచ్చిళ్ళు బారుగా పడ్డాయి. వెనక గోచి బిగువుగా ఉంది. కొంచెం ఎక్కువ లేదు, కొంచెం తక్కువ లేదు. ఎవరూ నవ్వలేదు.

నాగప్ప నా పక్కనే ఉన్నాడు. ఆ పంచె వైపు చాలాసేపు చూశాడు. చూసి అడిగాడు.

"కురుమూర్తీ, ఎన్ని మూరలు నేసినవ్?"

"పది."

 

వెట్టి తీర్మానం రాలేదు. నూలు తీర్మానమూ రాలేదు. వేళ చాలలేదన్నారు. పందిరి బయట అబ్రహాం నా దగ్గరికి వచ్చాడు.

"నీకు తెల్సా అన్నా?"

"తెల్వదు."

"తెల్వకనే నా పేరు రాయిస్తివా?"

 

ఇంటికి వచ్చాను. రామేశ్వరమ్మ కాళ్ళకు నీళ్ళు ఇచ్చింది. ఆమె ముఖంలోకి చూడకుండానే అడిగాను.

"పడుగు పోసినప్పుడు పది మూరలని ఎవరు చెప్పిండ్రు?"

ఆమె చెంబు కింద పెట్టింది. "తమ్ముడు."

"నేను మల్దకల్ దిక్కు తిరుగుతున్నప్పుడేనా?"

"అంతకుముందె."

"నూలు?"

"దేశ్‌ముఖు ఇచ్చిండు. నూలు దుకాణం తమ్ముని పేర ఇప్పిస్తనన్నడు. మూడు నెలల సంది మగ్గం గుంతల పిల్లి పండుకున్నది. ఏం తిన్నమో నువ్వు సూసినవా? నువ్వు సభ సభ అని తిరిగినవ్. నేను ఇంటింటికి పొయ్యి జొన్న గట్క అడుక్కొచ్చిన. తీర్మానం పెడితె నూలు వస్తదా రాదా ఎవనికి తెల్సు? ఇది అయితె వస్తది."

"నాకు చెప్తె?"

"చెప్తె నువ్వు నెయ్యవు."

నిజమే. నేసేవాణ్ణి కాదు. ఆమె చెప్పినవన్నీ నిజాలే. పది రోజులు నా పక్కన కూర్చుని నాడె అందుకుంటూ నోరు విప్పకపోవడం కూడా నిజమే. నేను ఆ నిజం దగ్గరే ఆగాను.

జూన్ నెలలో అబ్రహాం కుటుంబం ఊరు విడిచింది. దొర దొడ్డి ముందు అతన్ని రెండు రోజులు ఎండలో నిలబెట్టారట. గుడిసె పీకేశారట. ఎవరో చెబితే గద్వాల స్టేషనుకు పోయాను. తుంగభద్ర ఆనకట్ట పనికి పోతున్నారు. బుజ్జమ్మ తల మీద మూట, చంకలో పిల్ల. నన్ను చూసి ముఖం పక్కకు తిప్పుకుంది. నేను తెచ్చిన జొన్నరొట్టెల మూట అబ్రహాం ముందు బల్ల మీద పెట్టాను. అతను ముట్టుకోలేదు.

"మీ బామ్మర్దికి దుకాణం వచ్చిందంట గద," అన్నాడు.

"వచ్చింది."

"నూలు మంచిగిస్తుండా?"

"నేను తీసుకుంటలేను."

"తీసుకో అన్నా. నువ్వు తీసుకోకుంటె నా గుడిసె తిరిగి లేస్తదా?"

రైలు వచ్చింది. ఎక్కారు. రొట్టెల మూట బల్ల మీదే ఉండిపోయింది.

దుకాణం వల్ల వీధి మగ్గాలు ఆడాయి. అది దాచను. నాగప్ప కూడా అక్కడే నూలు తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నప్పటి నుంచి మా ఇంటికి రావడం మానేశాడు. అందరూ బాలకిష్టయ్య తెలివైనవాడన్నారు. నేను ఆ నూలు ముట్టలేదు. వేరేచోట కూలికి ముతక బట్ట నేశాను. దానికి అంచు లేదు, ఒక్కడి పని. రామేశ్వరమ్మ పొద్దున్నే మా మగ్గం కుడివైపు తుడిచి, తన పీట వేసి పెట్టేది. నేను అటు పోయేవాణ్ణి కాదు. సాయంత్రం పీట తీసేది. నాలుగు నెలలు అలాగే వేసింది, తీసింది. అవసరమైన మాటలు తప్ప మా మధ్య మాట లేదు.

భాద్రపదంలో ఆమెకు జ్వరం వచ్చింది. దవాఖానాకు తీసుకుపోయాను. మందు పని చేయలేదు. ఆరో రోజు మధ్యాహ్నం ఆమెకు కొంచెం తెలివి వచ్చింది. మంచం పక్కన నేనే ఉన్నాను.

"ఇగో," అంది. "ఆ పది మూరల సంగతి ఒక మాట చెప్త, విను."

"ఆ సంగతి ఎత్తకు," అన్నాను.

"ఒక్క మాట."

"వద్దు."

ఆమె నా ముఖం చూసింది. తరువాత కళ్ళు మూసుకుంది. కుడిచేతి వేళ్ళు దుప్పటి అంచు పట్టుకొని చిన్నగా మెలివేశాయి, నాడె కోసం చేయి చాచినట్టు. నేను చేయి ఇవ్వలేదు. పొద్దుగూకే వేళకు పోయింది.

పాడె పట్టడానికి బాలకిష్టయ్య వచ్చాడు. నాలుగో కొమ్ము దగ్గర నిలబడ్డాడు. "పక్కకు జరుగు," అన్నాను. జరిగాడు. ఆ కొమ్ము నాగప్ప పట్టాడు.

ఇన్నేళ్ళ తరువాత ఇప్పుడు బాలకిష్టయ్య పెద్దమనిషి. మళ్ళీ ఎన్నికలు వస్తున్నాయట. ఎవరు నిలబడతారో, ఎవరు కూర్చుంటారో వీధిలో లెక్కలు వేస్తున్నారు. మొన్న ఇద్దరు వచ్చి నా గుంత పక్కన కూర్చున్నారు. ఆ ఏడు ఏం జరిగింది తాతా, పంచె కథ చెప్పు అన్నారు. నేను మగ్గం ఆపలేదు.

ఆమె చెప్పబోయిన మాట ఏదో నాకు తెలియదు. వినను అన్నది నేనే. చెప్పే హక్కున్న మనిషినే నోరు విప్పనివ్వలేదు. ఇక ఎవరికో నేనెందుకు విప్పుతాను? ఇదిగో, ఒకసారి రాశాను, అయిపోయింది. ఆ ఎండాకాలం పేరు నా ముందు ఎత్తవద్దు. ఎత్తినా నేను పలకను.